రెండువందల పన్నెండో పేజీ

అక్కా,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం తమ్ముడి కంట పడకూడదు. ఆదివారం ఆటలో ఈ మాట ఎత్తుదామంటే నువ్వేమో చక్కెర డబ్బాకి ఆనించిన ఫోన్‌లో ఉంటావు, వాడు నా మోచేతి పక్కనే ఉంటాడు. అందుకే కలం పట్టాను. బావగారికి మాత్రం చదివి వినిపించు. పదహారేళ్ళుగా చెబుతున్నా ఆయనకి మన ఆట బుర్రకెక్కలేదు కాబట్టి ఆయన కోసం ఇంకోసారి: నేను కథ నడుపుతాను, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు, తలుపు విరుగుతుందా కాలు విరుగుతుందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు, ఒకటి పడితే కొంప మునిగినట్టు. అంతే బావగారూ, ఇందులో అర్థం కాకపోవడానికేమీ లేదు.

ఇక విషయానికొస్తాను. నిన్న స్కూలు టీచరు ఒకావిడ నా బైండింగు షాపుకి మన ఆట పుస్తకం ‘ఏడు కోటలు’ నాలుగో ఎడిషన్ పట్టుకొచ్చింది. కొని ఐదు నెలలు కాలేదు, అప్పుడే పేజీలు రాలిపోతున్నాయి. కుట్టన్నది లేదు, వట్టి జిగురు. అట్ట మీద మాత్రం బంగారు పూత, మంటలు, కత్తులు, హంగామా. ఆ ఎడిషన్‌ని నేను ఇంటి గడప తొక్కనివ్వనని నీకు తెలుసు. మొదటిది అరవై నాలుగు పేజీలు, రెండు పిన్నులు, అందులోనే ఆట మొత్తం. రెండోది వచ్చి మొదటిదంతా తప్పంది. మూడోది వచ్చి రెండోది పాతబడిందంది. ఇప్పుడిది మూడు సంపుటాలట, దేనికది విడిగా కొనాలట. ఆటల షాపులో ఉద్యోగం గనక తమ్ముడు ఆ పుస్తకం వేసే కంపెనీ పాటే పాడతాడు. “బొమ్మలు బావుంటేనే కొత్తవాళ్ళు చేతిలోకి తీసుకుంటారు చిన్నక్కా. నీ పిన్నుల పుస్తకం చూసి ఎవరొస్తారు?” అంటాడు. ఆ మాటలో కొంచెం నిజం ఉందని వాడి ముందు ఒప్పుకోను, నీకు చెబుతున్నాను.

రాలిన పేజీలు వరసలో పెడుతుంటే రెండువందల పన్నెండోది చేతికొచ్చింది. పైన పెద్దక్షరాలతో ‘పోయినవాళ్ళ పాచిక’ అని ఉంది. “ఆటలో ఒకరి పాత్ర చనిపోతే ఆ మనిషి పాచికను బల్ల మీదే ఉంచండి. మిగిలినవారు దారి తోచక నిలిచిపోయినప్పుడు, పూటకి ఒక్కసారి, ఆ పాచిక వేయవచ్చు.” చదివి స్టూలు మీద కూలబడ్డాను. టీచరు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

అక్కా, అది అమ్మది. ఆస్పత్రి గదిలో మంచం చుట్టూ కూర్చుని ఆడుతున్నప్పుడు అమ్మ పాత్ర, ఆ బావులు తవ్వే ముసలమ్మ, చచ్చిపోయింది. చంపింది నేనే. ఒంట్లో బాలేని మనిషని కూడా చూడకుండా, రూలంటే రూలేనని చంపాను. నువ్వు నా వైపు కొరకొరా చూశావు. అమ్మ మాత్రం దుప్పటి సర్దుకుని, “సరేలేవే. నా పాచిక మాత్రం తీసెయ్యకండి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఒక్కసారి వెయ్యండి, నేను వేసినట్టే” అంది. ఆ గదిలో మనం నలుగురమే ఉన్నాం. ఎనిమిది నెలలకి అమ్మ పోయింది. రెండేళ్ళుగా ఆ పసుపు పాచిక మన బల్ల మీదే ఉంది, ఈ సంగతి నేను పక్కింటివాళ్ళక్కూడా చెప్పలేదు. ఇప్పుడు పేజీ అడుగున ఏం వేశారో తెలుసా? “ప్రత్యేకమైన నల్ల పాచిక, మఖమల్ పెట్టెలో, విడిగా లభించును.” అమ్మని పెట్టెలో పెట్టి అమ్ముతున్నారక్కా.

పైగా దొంగిలించినవాడు సరిగ్గా దొంగిలించనైనా లేదు. “ఈ పాచికను మాత్రం పై ముఖం కాక కింది ముఖం చూసి లెక్కించాలి” అని చివర ఒక తోక తగిలించారు. మన దగ్గర అలాంటిదేమీ లేదు, అమ్మ పాచికైనా పైదే చూస్తాం. ఐదో మనిషి లేని గదిలోంచి మాట బయటికెలా పోయింది? నువ్వు చెప్పవు. నేను చెప్పలేదు. ఆ కంపెనీ బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని తిరిగేవాడు మనింట్లో ఒక్కడే ఉన్నాడు.

వెంటనే జవాబు రాయి.

నీ చెల్లెలు


అక్కా,

“పోనీలేవే” అని ఒక ముక్క, “కింది ముఖం అంటే నీకేమీ గుర్తు రావడం లేదా?” అని ఒక పొడుపు కథ. ఇదా జవాబు? నాకేమీ గుర్తు రావడం లేదు. నువ్వు చిన్నప్పట్నించీ వాణ్ణి వెనకేసుకొస్తావన్నది మాత్రం గుర్తుంది. అసలు నీకు ముందే తెలుసా? తెలిసే నాతో డొంకతిరుగుడు మాటలు మాట్లాడుతున్నావా? నాకిప్పుడు ఎవరి మీదా నమ్మకం లేదు, నీ మీద కూడా.

పుస్తకం చివర, సలహాలు పంపినవాళ్ళ పేర్లని తొమ్మిది పేజీలు చీమల బారులా వేశారు. భూతద్దం పెట్టుకుని తమ్ముడి పేరు కోసం వెతికాను. లేదు. లేకపోయేసరికి అనుమానం ఇంకా గట్టిపడింది. పేరు పడకుండా జాగ్రత్తపడ్డాడన్నమాట. ఆ పుస్తకం విడుదలైనప్పుడు వాడన్న మాట కూడా అప్పుడే తట్టింది. “నువ్విది చదవకపోతేనే మంచిదిలే చిన్నక్కా.” నాకు నచ్చదని అన్నాడనుకున్నాను, ఎంత అమాయకురాల్ని!

బుధవారం మధ్యాహ్నం వాడి షాపుకి వెళ్ళాను. వాడు నిచ్చెన మీద నిలబడి పై అరలో పెట్టెలు సర్దుతున్నాడు. పేజీ ఫోటో చూపించి, “ఇది నీకు తెలుసా?” అన్నాను. దిగి వచ్చి చూశాడు. మొహం పాలిపోయింది.

“తెలుసు.”

“ఎవరు చెప్పారు వాళ్ళకి?”

“నన్నడక్కు చిన్నక్కా. చెప్పనని మాటిచ్చాను.”

“ఎవరికి? కంపెనీ వాళ్ళకా?”

చేతిలో ఉన్న పెట్టె మీద ధర చీటీని గోటితో గీకుతూ నిలబడ్డాడు. ఒక్కసారి “నేను కాదు” అంటే నమ్మడానికి సిద్ధంగానే వెళ్ళానక్కా, ఒట్టు. ఆ ఒక్క మాటా అనలేదు. నాకు ఒళ్ళు తెలియలేదు. కొనడానికి వచ్చినవాళ్ళందరూ వింటుండగానే, “ఆదివారం రాకు. ఇక ఎప్పుడూ రాకు. ఆ బల్ల దగ్గర నీకు కుర్చీ లేదు” అన్నాను.

“ఆ బల్ల నీ ఒక్కదానిదేనా?” అన్నాడు.

“అమ్మది. అందుకే అంటున్నాను. అమ్మని అమ్ముకున్నవాడు ఆ బల్ల ముట్టుకోకూడదు.”

అది అనకూడని మాటని నోట్లోంచి వచ్చాక తెలిసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. వాడు లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఇంటికి రాగానే కంపెనీకి రెండు పేజీల ఉత్తరం దంచాను. మా ఇంటి రూలు మీకెవరు అమ్మారో రుజువుతో సహా చెప్పండి, లేకపోతే ఊరుకోను అని.

రెండు ఆదివారాలుగా ఆట లేదు. నువ్వు ఫోన్ చేస్తూనే ఉన్నావు, నేను ఎత్తడం లేదు. నాలుగు కుర్చీలున్న గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఎవరో తెచ్చిన డిక్షనరీకి అట్ట వేసుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, అయినా నాదే న్యాయం.

చెల్లెలు


తమ్ముడూ,

ఇది చించెయ్యకుండా చదువు. చించే అలవాటు మనింట్లో నాకొక్కదానికే ఉందట. ఇవాళ అమ్మ చెప్పింది.

కంపెనీ నుంచి జవాబొచ్చింది. పాఠకుల విభాగంలో ఎవరో ఓపికున్నావిడ, నేను అన్ని మాటలన్నా మర్యాదగా రెండు వాక్యాలు రాసి, కింద ఒక కాగితం నకలు జతచేసింది. మన మూడో ఎడిషన్ చివర్లో ఉండేదే, కొత్త ఎడిషన్‌కి సలహాలు రాసి పంపమనే కాగితం. మన పుస్తకంలో ఆ పేజీ ఎప్పుడో కత్తిరించి ఉంటే, బైండింగు చేసే నేను కూడా ఊడిపోయిందనుకుని వదిలేశాను. కత్తెర గీత అంత తిన్నగా ఉన్నా చూసుకోలేదు.

అమ్మ చేతిరాతరా. ఆస్పత్రిలో పడుకుని రాసినట్టుంది, వరసలన్నీ కిందికి జారిపోయాయి. నువ్వు ఎప్పుడో చదివే ఉంటావు. అయినా నా చేత్తో ఒకసారి రాయనియ్యి:

“అయ్యా, ఈ రూలు నేను కనిపెట్టాను. మీరు వాడుకోవచ్చును, నాకేమీ వద్దు. నాకు ముగ్గురు పిల్లలు. ఆదివారం పూట కలుసుకునేది ఈ ఆట కోసమే. నేను పోతే కుర్చీ ఖాళీగా ఉందని ఆట మానేస్తారేమోనని భయం. పాచిక బల్ల మీద ఉంటే మానరు. వేరే ఇళ్ళల్లో కూడా మాలాంటి వాళ్ళుంటారు కదా, అందుకని పంపుతున్నాను. పాచిక కింది ముఖమే చూడాలి. నేను మొదట్నించీ కిందే చూశాను, నాకు బాగానే జరిగింది. మా రెండో అమ్మాయి ఒప్పుకోదు. దానికి మీరంటే పడదు, ఈ కాగితం చూస్తే చించేస్తుంది. దానికి తెలియనివ్వకండి. మా అబ్బాయి పోస్టులో వేస్తాడు, వాడి దగ్గర మాట తీసుకున్నాను.”

కింద సంతకం ‘బావులు తవ్వే ముసలమ్మ’. పుస్తకం చివరి పేజీల్లో కూడా అదే ఉంది. భూతద్దంతో నీ పేరు వెతికిన మనిషికి అది కనపడలేదు.

‘కింది ముఖం అంటే నీకేమీ గుర్తు రావడం లేదా?’ అని అక్క ఎందుకడిగిందో ఇప్పుడు తెలిసింది. మొదటి ఎడిషన్‌లో నాలుగు ముఖాల పాచిక ఉండేది, దానికి కింది అంచున ఉన్న అంకె చూడాలి. అమ్మ ఆట నేర్చుకుంది దాంతోనే. తర్వాత ఎన్ని ఎడిషన్లు మారినా, ఎన్ని ముఖాల పాచిక చేతికిచ్చినా, ఎత్తి కింద చూసేది. “పైది చూడమ్మా, పైది!” అని పదమూడేళ్ళు అరిచాను. ఇన్నేళ్ళు నా కళ్ళ ముందున్న అమ్మ అలవాటుని, అచ్చులో చూసి దొంగతనం అనుకున్నాను.

ముగ్గురం విడిపోకూడదని అమ్మ రాసిన రూలు పట్టుకుని నిన్ను వెళ్ళగొట్టాను. “నేను కాదు, అమ్మ” అని రెండు ముక్కలంటే సరిపోయేది, నువ్వు అమ్మకిచ్చిన మాట కోసం పదిమందిలో ఆ మాట పడ్డావు. నన్ను క్షమించరా. సంజాయిషీ ఏమీ లేదు, నాదే తప్పు.

నాలుగో ఎడిషన్ కొన్నాను. మూడు సంపుటాలూ. నీ షాపుకి రావడానికి మొహం చెల్లక బస్సెక్కి అవతలి షాపులో కొన్నాను. జిగురు విప్పేసి దారంతో కుట్టాను, ఇక మన మనవల దాకా ఒక్క పేజీ రాలదు. బొమ్మలు నిజంగానే బాగున్నాయి. ఈ మాట షాపులో అందరికీ చెప్పుకో, నేను కాదనను.

ఆదివారం మూడింటికి నీ కుర్చీ వేసి ఉంచుతాను. అక్కకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను, “నీకిప్పటికి గుర్తొచ్చిందా?” అని నవ్వింది, తర్వాత ఇద్దరం ఏడ్చాం. నువ్వు వస్తావో రావో నాకు తెలియదు. దారి తోచక అమ్మ పాచిక తీసి వేశాను. పైన ఒకటి పడింది. నా రూలు ప్రకారం నువ్వు రావు.

ఎత్తి కింద చూశాను. ఇరవై.

రారా.

నీ చిన్నక్క