ఆదివారం బండికి పాలసీ

మార్చి 2, సోమవారం

కారు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ నెల ముప్ఫై ఒకటితో పాలసీ అయిపోతుంది, ఇక రెన్యూ చెయ్యరట. ముప్ఫై ఏళ్ళు దాటిన బండ్లు వాళ్ళకి వద్దట. మా ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, మొహం గంటు పెట్టుకున్నాడు. అందులో కారు గురించి కాక తన గురించే రాసినట్టు.

కారు ఎర్రది. రెండే సీట్లు. స్పోర్ట్స్ కారే గానీ బయటికి తీసేది ఆదివారం పొద్దున మాత్రమే. ఇరవై రెండేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. గడియారాలు బాగుచేసుకునే మనిషికి అంత స్పీడు బండి దేనికని అప్పుడు అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు నడపాలనిపించింది.

నేను ఇరవై ఆరేళ్ళు ఆస్పత్రి లాండ్రీ వ్యాన్ నడిపాను. పోయినేడు రిటైర్ అయ్యాను. ఒక్క యాక్సిడెంట్ లేదు, వ్యాన్ మీద ఒక్క గీత పడలేదు. అయినా ఆ ఎర్ర కారు స్టీరింగ్ ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు. నేను గేరు మారుస్తుంటే దవడపన్ను పీకుతున్నట్టు ఉంటుందట. పాలసీలో డ్రైవరు అన్నచోట ఏటా ఆయన పేరొక్కటే.

కొత్త పాలసీ సంగతి నన్నే చూడమన్నాడు. చూస్తాను. ఈసారి ఆ కాగితం మీద నా పేరు ఉండి తీరాలి. లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తాను.

మార్చి 4, బుధవారం

ఏజెంటు వచ్చాడు. ఏజెంటంటే ఎవరో కాదు, మా ఆడపడుచు అల్లుడే. అల్లుడు కాబట్టి ఎంత సేపు చెప్పినా వినాలి, మధ్యలో ఆవలించకూడదు.

అత్తయ్యగారూ, మీకు నాలుగు దార్లున్నాయి అన్నాడు. మొదటిది థర్డ్ పార్టీ. మనం ఎవరినన్నా గుద్దితే వాళ్ళకి ఇస్తారు, మనకి మాత్రం సున్నా. రెండోది మామూలు ఫుల్ పాలసీ. కారు పోతే ఇవాళ బజార్లో దాని రేటెంతో అంత ఇస్తారు. ఆ రేటెంతో కూడా చెప్పాడు. మా ఆయన టీ కప్పు కింద పెట్టి వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆ డబ్బుకి మంచి సైకిలు వస్తుంది.

మూడోది పాతకార్ల పాలసీ. ఒక వాల్యూయర్ వచ్చి చూసి విలువ కడతాడు. మనమూ కంపెనీవాళ్ళూ ఆ విలువకి ముందే ఒప్పుకుని సంతకాలు పెట్టుకుంటాం. తర్వాత పేచీ ఉండదు. కాకపోతే ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు మించి తిప్పకూడదు, మీటరు ఫొటో పంపాలి. నాకిదే నచ్చింది. నాలుగోది నిలబెట్టిన బండికి. అసలు నడపం అని రాసిచ్చి షెడ్డులో పెట్టేస్తే దొంగతనానికీ అగ్నిప్రమాదానికీ మాత్రం ఇస్తారు.

ఈ నాలుగో మాట చెవిన పడగానే మా ఆయన వరండాలోంచి లోపలికి వచ్చాడు. దాని గురించి మూడు ప్రశ్నలు అడిగాడు. ఆశ్చర్యం. బండి నడిపే మనిషికి నిలబెట్టిన బండి పాలసీతో ఏం పని?

మార్చి 5, గురువారం

నా పేరు సంగతి ఎత్తాను. ఆయనకి వెంటనే ఆకలేసింది.

మార్చి 8, ఆదివారం

ఏడు గంటలకల్లా టోపీ, చేతికి తోలు గ్లవ్స్. షెడ్డు మూడు వీధుల అవతల, టైర్ల షాపు వెనక. తొమ్మిదిన్నరకి తిరిగొచ్చాడు. గాలి బాగుందట. బైపాస్ మీదుగా వెళ్ళాడట.

ఇదివరకు నన్నూ తీసుకెళ్ళేవాడు, పక్క సీట్లో. రెండేళ్ళుగా అదీ లేదు. పక్క సీటు బెల్టు పాడైందట, ఆ మోడల్ బెల్టు ఎక్కడా దొరకడం లేదట. రిస్టు వాచీలో ఆవగింజంత చక్రాన్ని కూడా వెతికి తెచ్చి వేసే మనిషికి ఒక బెల్టు దొరకలేదు. పోనీలే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

మార్చి 11, బుధవారం

పాతకార్ల పాలసీ వాళ్ళకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. బండి ఎందుకు వాడతారని అడిగింది. ఆఫీసుకా, వ్యాపారానికా, వీటిలో ఏదో ఒకటి చెప్పాలట. సరదాకి అన్నాను. లిస్టులో సరదా లేదట. కాసేపు వెతికి, అప్పుడప్పుడు అని ఉంది మేడమ్, పెట్టెయ్యనా అంది. పెట్టెయ్యమ్మా అన్నాను.

షెడ్డుకి ఎన్ని తాళాలు, కప్పు రేకులా స్లాబా, పక్కన మండే వస్తువులేమన్నా ఉన్నాయా అని వరసగా అడిగింది. పక్కన టైర్ల షాపు అనేసరికి ఎంత దూరం మేడమ్ అని రెండుసార్లు అడిగింది. తర్వాత డ్రైవర్ల దగ్గరికి వచ్చింది. నా ఇరవై ఆరేళ్ళ సర్వీసు చెప్పాను. అయితే మేడమ్, మిమ్మల్ని మెయిన్ డ్రైవరుగా పెడితే ప్రీమియం తగ్గుతుంది అంది. ఆ అమ్మాయి నోట్లో చక్కెర పొయ్య! మళ్ళీ చెప్పమ్మా అని రెండోసారి కూడా చెప్పించుకున్నాను.

మార్చి 13, శుక్రవారం

గొడవ. మంచి గొడవ.

ఆయన నిలబెట్టిన బండి పాలసీయే చాలన్నాడు. మరి ఆదివారాలు ఏం చేస్తారన్నాను. ఆదివారం సంగతి కంపెనీకి ఎవరు చెప్తారే అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో టికెట్ లేకుండా ఒక్క స్టాపు కూడా బస్సెక్కని మనిషి! వాచీలోంచి తీసిన పాత స్క్రూ కూడా పొట్లం కట్టి వాచీ ఇచ్చినవాళ్ళ చేతిలో పెట్టే మనిషి! నా పేరు రాయడం తప్పించుకోడానికి దొంగపనికి కూడా సిద్ధపడ్డాడా?

మా అమ్మాయికి ఫోన్ చేసి అంతా చెప్పాను. నాన్న నీకంటే ఆ కారుకే ఎక్కువ భయపడతాడమ్మా, వదిలెయ్ అని నవ్వింది. దానికి అర్థం ఏంటో దానికే తెలియాలి. ఇద్దరూ ఒకే గూటి పక్షులు.

మార్చి 16, సోమవారం

ఆయనకి చెప్పకుండా ఫారం తెప్పించాను. మీటరు ఫొటో కావాలి కదా, ఆయన షాపుకి వెళ్ళగానే డూప్లికేట్ తాళంచెవి తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. బండి తళతళలాడుతోంది. మీటరు 88,421.

ఇంటికొచ్చి పాత ఫైలు తీశాను. పోయిన మార్చిలో పాలసీ కాగితం మీద రాసింది 88,412.

మూడుసార్లు తీసివేత వేశాను. మూడుసార్లూ తొమ్మిదే వచ్చింది. ఏడాదికి తొమ్మిది కిలోమీటర్లు! యాభై రెండు ఆదివారాలు! బైపాస్ ఒక్కటే ఇరవై కిలోమీటర్లుంటుంది!

మెకానిక్‌కి ఫోన్ చేశాను. మీటరు శుభ్రంగా పనిచేస్తోందమ్మా అన్నాడు. ఏడాదికోసారి సర్వీసింగుకి తనే వచ్చి నడిపి తీసుకెళ్తాడట, మళ్ళీ తనే దింపుతాడట. రానూ పోనూ తొమ్మిది కిలోమీటర్లట. మరి సార్ అన్నాను. సార్ పక్కన కూర్చుంటారు కదమ్మా అన్నాడు.

పక్కన. అంటే పక్క సీటు బెల్టు బాగానే ఉందన్నమాట.

మార్చి 17, మంగళవారం

మరి రెండున్నర గంటలు ఎక్కడికి వెళ్తున్నట్టు? పాడు ఆలోచనలు వస్తున్నాయి. టైర్ల షాపు ఓనరు ఆడమనిషి. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అయినా సరే.

మార్చి 20, శుక్రవారం

ఆదివారానికి చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు.

మార్చి 22, ఆదివారం, పొద్దున 10

వెళ్ళాను. ఏడుంబావుకి బయల్దేరి, సందు చివర ఆగి, గోడవారగా నడిచి. ఈ వయసులో మొగుడి వెనక దొంగలా నడవాల్సి వచ్చిందని నన్ను నేనే తిట్టుకున్నాను.

టైర్ల షాపు తెరిచే ఉంది. ఆవిడ నన్ను చూసి కంగారు పడలేదు. నాకోసమే ఎదురు చూస్తున్నట్టు స్టూలు వేసింది. సార్ ఇవాళ కొండ దారి పట్టారమ్మా, వచ్చేసరికి ఇంకో గంటన్నర పైనే పడుతుంది, కూర్చో అంది. కొండ దారని మీకెలా తెలుసన్నాను. స్టీరింగ్ అంతలా తిప్పుతున్నారంటే కొండ దారే కదమ్మా అంది.

షెడ్డు షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి చూశాను.

కారులో కూర్చున్నాడు. టోపీ, గ్లవ్స్, బెల్టు అన్నీ ఉన్నాయి. ఇంజను ఆపి ఉంది. మెల్లగా స్టీరింగ్ ఎడమకి తిప్పాడు, గేరు మార్చాడు, అద్దంలో వెనక్కి చూసుకున్నాడు. మలుపు తిరిగే ముందు ఇండికేటరు వేశాడు. టక్ టక్ టక్ అని అది ఆ చీకటి షెడ్డులో గోడ మీద వెలిగింది. ఎదురుగా ఉన్నది ఒక రేకు తలుపూ, ఒక చీపురూ.

నవ్వొచ్చింది. నోరు గట్టిగా మూసుకున్నాను. కాసేపటికి చూస్తే అది నవ్వు కాదు. కొంగుతో మొహం తుడుచుకుని వచ్చేశాను.

తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చాడు. రోడ్డు ఎలా ఉందన్నాను. ట్రాఫిక్ బాగా ఉందన్నాడు.

మార్చి 23, సోమవారం

అడగలేకపోయాను. నేను! అడగలేకపోయాను.

మార్చి 25, బుధవారం

టిఫిన్ అయ్యాక రెండు ఫారాలు బల్ల మీద పెట్టాను. ఒకటి నిలబెట్టిన బండిది, ఒకటి నడిపే బండిది. మీరు ఏది చూపిస్తే దాని మీద సంతకం పెడతాను అన్నాను. ఆదివారం షట్టరు కింద నుంచి చూశాను అని కూడా అన్నాను.

రెండు ఫారాలనీ అంచులు కలిపి సర్దాడు. తర్వాత చెప్పాడు. రెండేళ్ళ కిందట పార్కు దగ్గర మలుపులో ఒకావిడ పసిపిల్లని తోపుడు బండిలో పెట్టుకుని రోడ్డు దాటుతోందట. అడుగు దూరంలో ఆపాడట. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ థాంక్స్ కూడా చెప్పిందట. ఆ థాంక్స్ తర్వాత కాలు పెడల్ మీదికి వెళ్ళడం మానేసిందట.

నాకెందుకు చెప్పలేదన్నాను. చెప్తే అమ్మెయ్యమంటావనుకున్నా అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. అమ్మకపోతే నువ్వు నడుపుతావు, నువ్వు నాకంటే బాగా నడుపుతావు, ఇంక ఆ బండిలో నాకేం పని మిగుల్తుంది అన్నాడు.

అప్పుడు తిట్టాను. చెడామడా తిట్టాను. రెండేళ్ళు నాకు అబద్ధం చెప్పినందుకు ఒక విడత, ఇరవై రెండేళ్ళు నా డ్రైవింగుని పంటి డాక్టరుతో పోల్చినందుకు ఇంకో విడత. గొంతు ఎండిపోయాక ఆగాను. నీళ్ళు తెచ్చిచ్చాడు.

తాగి, పెన్ను ఆయన చేతికే ఇచ్చాను. నడిపే బండి ఫారంలో మెయిన్ డ్రైవరు అన్నచోట నా పేరు రాశాడు. గడియారాలు బాగుచేసే చేత్తో, గుండ్రంగా, ఒక్క దిద్దుబాటు లేకుండా. రెండో డ్రైవరు అన్నచోట అడ్డంగా గీత గీశాడు. ఆ గీత మీదే నేను ఆయన పేరు రాశాను. కొట్టివేతలున్న ఫారం చెల్లదని అల్లుడు ఫోన్లో మొత్తుకున్నాడు. ఇంకోటి పట్రా అన్నాను. దానిలోనూ ఆయన గీత గీశాడు, నేను మీద పేరు రాశాను. మూడో ఫారం వచ్చాక పెన్ను నేనే పట్టుకున్నాను.

మార్చి 28, శనివారం

వాల్యూయర్ వచ్చి రెండు గంటలు బండి కింద పడుకుని చూశాడు. కట్టిన విలువ విని మా ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. ప్రీమియం ఎందుకు తగ్గిందో అల్లుడు చెప్పగానే ఆ రెండంగుళాలూ లోపలికి పోయాయి. అత్తయ్యగారి వల్లే అని వాడు మళ్ళీ మళ్ళీ అంటుంటే నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది.

మార్చి 31, మంగళవారం

పాలసీ వచ్చింది. నా పేరు పైన, ఆయన పేరు కింద. ఆదివారం వస్తారా అన్నాను. చూద్దాం అన్నాడు.

ఏప్రిల్ 5, ఆదివారం, పొద్దున 9:20

ఇది కారు రోడ్డు పక్కన ఆపి, లోపలే కూర్చుని రాస్తున్నాను. మొదటి పది కిలోమీటర్లు ఆయన ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో సీటు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నిద్రపోయాడు, నోరు తెరుచుకుని. ఇంటికి తిరగాల్సిన మలుపు వచ్చింది. తిరగలేదు. ఇప్పుడు ఎక్కడున్నామో నాకు తెలీదు. ఆయన్ని లేపను.