హెల్మెట్ లోపలి గొంతు

బాబాయికి,

ఇది చదివేటప్పుడు పక్కన పిన్ని ఉంటే, ముందు ఆవిడను కాఫీ పెట్టమని వంటింట్లోకి పంపు. నేను అడగబోయేది నిన్నొక్కడినే.

మా హీరో పోయి నిన్నటికి ఏడాది. అభిమానులమంతా ఆయన కారు రేసులు నడిపిన ట్రాక్ దగ్గర చేరాం. మా వాళ్లు అందరిలా మౌనం పాటించరు. ఆయనకు నిశ్శబ్దం పడదని, ఆయన నడిపిన పాత కారును స్టార్ట్ చేసి ఒక నిమిషం పాటు ఇంజన్ మోగిస్తారు. మేమంతా తల వంచుకుని ఆ రొద వింటాం. దారినపోయేవాళ్లు మాకు పిచ్చెక్కిందనుకుంటారు గానీ, నాకు కళ్లు చెమ్మగిల్లేది అప్పుడే.

ఈసారి ఆయన అమ్మగారు వచ్చారు. మా సంఘానికి అధ్యక్షుడు బస్సు కండక్టర్. పెద్దావిడను సంతోషపెట్టాలని సినిమాల్లోంచి హీరో డైలాగులన్నీ ఏరి, అతికించి, పెద్ద స్పీకర్లో వేశాడు. జనం ఈలలతో ఊగిపోయారు. ఆవిడ మాత్రం చెయ్యి చెవికి ఆనించి చివరిదాకా విని, పక్కనున్న నావైపు తిరిగారు.

“చాలా బాగా మాట్లాడుతున్నాడమ్మా. ఎవరీ అబ్బాయి?”

“మీ అబ్బాయే కదండీ” అన్నాను.

“మావాడి గొంతు నాకు తెలీదా తల్లీ? సినిమాల్లో ఈ గొంతు ఎవరిదో వాడెప్పుడూ చెప్పలేదు. వాడికి నత్తి. ఇంట్లో వాడి మాట ఎప్పుడూ రికార్డు చెయ్యనిచ్చేవాడు కాదు. మీ దగ్గరైనా ఉంటుందేమో, ఒక్కసారి విందామని వచ్చాను.”

కండక్టర్ నన్ను పక్కకు లాగి, “పెద్దావిడ కదా, మతి తప్పుతోంది, నువ్వేం పట్టించుకోకు” అన్నాడు. నాకు మింగుడుపడలేదు. ఆవిడ కళ్లు చూస్తే మతి తప్పినట్టు లేదు.

ఇవాళ కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తూ ఆ డైలాగులే చెవిలో పెట్టుకున్నాను. కోపంగా మాట్లాడబోయే ముందు హీరో ముక్కుతో చిన్న నవ్వు నవ్వుతాడు. చిన్నప్పుడు నేను మందు మింగనని మొండికేసినప్పుడల్లా నువ్వు సరిగ్గా అలాగే నవ్వేవాడివి. అది తట్టగానే చేతిలో అద్దం మిషన్ మీదే వదిలేశాను. పాపం ఆ కస్టమరుకు ఒక కంటికి కాస్త ఎక్కువే కనిపించబోతోంది.

నువ్వు విలన్ వెనక నిలబడే రౌడీలకు డబ్బింగ్ చెబుతావని కదా మా అందరికీ చెప్పావు. ఆ గొంతు నీదేనా? నీదే అయితే మరి ఆయనది ఏమైంది? నాకు తెలుసుకోవాలని ఒకటే ఆత్రంగా ఉంది. అంతకంటే, ఆవిడకు ఒక్కసారి వినిపించాలని ఉంది.

నీ చిట్టి

*

చిట్టితల్లికి,

కాఫీ కప్పుతో మీ పిన్ని వచ్చేసరికి నీ ఉత్తరం దిండు కింద దూర్చేశాను. ఈ వయసులో నాకెవరో ప్రేమలేఖలు రాస్తున్నారని ఆవిడ మొహం ముడుచుకుని తిరుగుతోంది. ఆ పుణ్యం నీదే.

గొంతు నాదే. అతని మొదటి సినిమా నుంచీ నాదే. రౌడీలకు డబ్బింగ్ చెబుతానన్న మాటా అబద్ధం కాదు, అది సగం నిజం. బయటపెట్టొద్దని నిర్మాతలు చెప్పి ఉంటే ఎప్పుడో ఎవరి దగ్గరో నోరు జారేవాణ్ణి. అతనే నా చేతులు పట్టుకుని అడిగాడు. ఇక ఎలా చెబుతాను?

షూటింగులో అతను తన మాటే మాట్లాడతాడు, నత్తితోనే. అది హెడ్‌ఫోన్లో వింటూ, తెరమీద పెదవులు చూస్తూ, నేను నా గొంతు పోస్తాను. పని అయ్యాక అతని మాటలు తుడిచేస్తారు. వాళ్ల అమ్మ తర్వాత ఆ గొంతు ఎక్కువగా విన్నది నేనే అనుకుంటా.

ఒకసారి నన్ను ట్రాక్‌కు తీసుకెళ్లాడు. “ఇక్కడ నన్నెవరూ డైలాగ్ చెప్పమనరు గురూ” అన్నాడు. ఆ ముక్క అనడానికి అతనికి చాలాసేపు పట్టింది. తర్వాత హెల్మెట్ పెట్టుకుని, బడికి సెలవులిచ్చిన రోజు పిల్లాడిలా వెళ్లిపోయాడు.

ఇక నీకు తెలియనిది. ఆఖరి సినిమా మొదలైనప్పుడు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, “ఈసారి మీరు అక్కర్లేదండీ” అన్నారు. అతను ఒక్క మాట చెప్పలేదు. ముప్పై ఏళ్లు కలిసి ఒక మనిషిగా బతికాక, కొత్త గొంతు చూసుకున్నాడని నా మనసు విరిగిపోయింది. ఎందుకని అడిగేలోపే పోయాడు. మీ పిన్నికి కూడా చెప్పుకోలేదు.

అతను పోయాక డబ్బింగ్ కాకుండా ఆగిపోయిన ఆ సినిమా కోసం ఇప్పుడు ఆఫీసువాళ్లే వెతుక్కుంటూ వచ్చారు. జనానికి ఆ పాత గొంతే కావాలట. సోమవారం డబ్బింగ్. ఒప్పుకున్నాను. అక్కర్లేదన్న గొంతే అక్కరకొచ్చింది చూశావా. నువ్వడిగే అతని మాట ఈ ఒక్క సినిమాలోనే మిగిలింది. నా పని అయ్యాక అదీ పోతుంది. పద్ధతి అంతే, ఒక్క ముక్క బయటకు ఇవ్వరు. నన్నేం చెయ్యమంటావు?

అతని గురించి ఇంకా తెలుసుకోవాలంటే ట్రాక్ వెనక గ్యారేజీలో ‘పానా’ అనే ముసలి మెకానిక్ ఉంటాడు. రేసులో అతనితో రేడియోలో మాట్లాడింది ఆయనే.

బాబాయి

*

బాబాయ్,

వెళ్లాను. పానాగారు కారు కిందనుంచి కాళ్లు మాత్రమే బయటపెట్టి నాతో మాట్లాడారు. మా బాబాయివి నువ్వని చెప్పాక మాత్రం మొత్తం బయటకు వచ్చి, చేతులు తుడుచుకుని, స్టూలు వేశారు.

రేసు అయ్యాక ఇంజన్ చల్లబడాలని ఒక చుట్టు మెల్లగా తిరుగుతారట. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

“ఆఖరి ఏడాదంతా ఆ చుట్టులో నా చెవి కొరుక్కు తినేశాడమ్మా. ఒకటే డైలాగు. ‘నాన్నా, ఇవాళ కారు నేను నడుపుతాను’ అని. ‘నా’ దగ్గర ఆగిపోయేవాడు. మళ్లీ మొదలు. టైర్లెలా ఉన్నాయో చెప్పవయ్యా బాబూ అంటే, ముందు ఇది విను అనేవాడు. ఈ సినిమాకి నేనే మాట్లాడతాను, నత్తి పోకపోతే పోనీ అన్నాడు. మరి మీ గురువుగారికి చెప్పావా అంటే, కుదిరాక నేనే వెళ్లి వినిపిస్తా, ఆయన బాగుందంటేనే నమ్ముతా అన్నాడు.”

బాబాయ్, ఆయన ఎవర్నీ వెతుక్కోలేదు. నీ దగ్గరికే రాబోతూ పోయాడు.

ఈ సంగతి కండక్టర్‌కు చెబితే, “మన అన్నకి నత్తి ఏంటి, ఇంకెప్పుడూ ఆ మాట అనకు” అని ఏడ్చేశాడు. థియేటర్లో మావాళ్లు ఎంత గొడవ చేస్తారో నాకు తెలీదు. నిజం చెప్పనా, నాకూ నీ గొంతున్న హీరో అంటేనే ప్రాణం. కానీ సోమవారం నువ్వు మైకు ముందు నోరు తెరిస్తే ఆయన మాట ఇక ఎక్కడా ఉండదు. నువ్వు ఏం చేసినా నీ మీద కోపం తెచ్చుకోను. ఏం చేశావో మాత్రం రాయి.

చిట్టి

*

చిట్టీ,

సోమవారం వెళ్లాను. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. తెరమీదకు వచ్చాడు, కారు తలుపు మీద చెయ్యి వేసి. ‘నా’ దగ్గర ఆగాడు. అలవాటు కొద్దీ నేను ఊపిరి పీల్చి సిద్ధంగా ఉన్నాను. అతను తల దించలేదు. ఆ అక్షరంతో కాసేపు కుస్తీ పట్టి, దాటి, మాట పూర్తి చేశాడు. నేనెన్నో సినిమాల్లో ఎంతో అందంగా పలికాను గానీ, తండ్రిని అడగడానికి భయపడే కొడుకు నా గొంతులో ఎప్పుడూ అంత బాగా పలకలేదు.

“నేను మాట్లాడను, ఇలాగే వదలండి” అన్నాను. దర్శకుడు తల పట్టుకున్నాడు. “జనం నవ్వితే ఎలా గురువుగారూ?” అన్నాడు. “ముందు వాళ్ల అమ్మగారికి వినిపించు. ఆ తర్వాత కూడా తుడిచే ధైర్యం నీకుంటే నన్ను పిలువు” అన్నాను.

కారు పంపించాడు. ఆవిడను నా కుర్చీలో కూర్చోబెట్టాం. కొడుకు ‘నా’ దగ్గర ఆగినప్పుడు ఆవిడ కంగారుపడలేదు. తొందరేం లేదు అన్నట్టు తల ఊపుతూ ఎదురుచూశారు. చిన్నప్పుడు కూడా అలాగే ఎదురుచూసి ఉంటారు. అతను మాట పూర్తి చేశాక, “మళ్లీ వెయ్యి నాయనా” అన్నారు. దర్శకుడు మళ్లీ మళ్లీ వేశాడు. అతని మాటే సినిమాలో ఉంటుందని ఆవిడ ఎదుటే ఒప్పుకున్నాడు.

అందరూ వెళ్లాక నేనొక్కణ్ణే గదిలో మిగిలాను. నేను బాగుందంటేనే నమ్ముతానన్నాడు కదా. మైకు ముందు నిలబడి, “బాగుందయ్యా” అని చెప్పాను. ఇన్నేళ్లలో ఆ మైకులో నేను మాట్లాడిన నా సొంత మాట అదొక్కటే.

మీ బాబాయి