కెప్టెన్ పెళ్ళికి ఆధారాల్లేవు

బొగొటా

పరమ పూజ్యురాలైన ఇర్మలిన్ అత్తకు, చలికి పళ్ళు టకటకలాడుతుండగా మేనల్లుడు ఓర్విల్ నమస్కరించి రాయునది.

నాకు ఉద్యోగం వచ్చింది. నవ్వకు. సముద్రపు దొంగ కెప్టెన్ టీగ్ మీద మన ప్రావిడెన్సియా దీవిలో, నటులను పెట్టి ఒక డాక్యుమెంటరీ తీస్తున్నారు కదా, దానికి నేను చరిత్ర తనిఖీదారుణ్ణి. షూటింగు మన ఊళ్ళో, నేను మాత్రం ఇక్కడ ఆఫీసులో. వాళ్ళు కథ పంపుతారు, నేను ఎర్ర పెన్సిలుతో చరిత్రను కాపాడతాను. ఇప్పటికే భుజం మీది చిలకను తీసేశాను. కంటి మీది గంతను తీసేశాను. పాతిపెట్టిన నిధిని తవ్వి మరీ తీసేశాను.

యూనిట్‌కు వంట నువ్వేనని తెలిసింది. ఒక్క మనవి. విందు సీనులో పళ్ళెంలో సీమపనస కనిపించకూడదు. ఆ చెట్టు మన సముద్రాలకు వచ్చేనాటికి కెప్టెన్ పోయి నూరేళ్ళయింది.

ఇట్లు
చరిత్ర సేవలో, ఓర్విల్ న్యూబాల్

తా.క. బల్ల మీద నా పేరు రాసిన చెక్క పెట్టారు. అందులో స్పెల్లింగు తప్పు. తనిఖీదారుణ్ణి నేనే కదా, ఎవరికి చెప్పుకోను?

*

బాటమ్ హౌస్

ఒరేయ్ ఓర్విల్, దేవుడు నిన్ను చల్లగా చూడాలి. అక్కడ ఎలాగూ చూస్తున్నాడనుకో.

సీమపనస లేకుండా రన్‌డౌన్ కూర ఎలా వండుతార్రా? కొబ్బరిపాలలో చేప ఒంటరిదైపోదూ? అయినా నీ మాట కాదనలేక పెండలం వేశాను. కెప్టెన్ పోయి నూరేళ్ళంటావేంటి, నిన్ననే వచ్చి రెండు గిన్నెలు తిన్నాడు. ఊళ్ళో పడవున్న ప్రతివాడూ కెప్టెనే గానీ, నా లెక్కలో కెప్టెనంటే ఆల్‌స్టన్ హాకిన్స్ ఒక్కడే. సినిమాలో కెప్టెన్ వేషం కూడా ఆయనకే ఇచ్చారు.

వచ్చే నెల మొదటి శనివారం సౌత్‌వెస్ట్ బే ఒడ్డున కెప్టెన్ పెళ్ళి తీస్తారట. పెళ్ళికూతురి గౌను నేనే కుడుతున్నాను. ఇక్కడ మంచి లేసు దొరకదు, పంపు.

మీ అత్త
ఇర్మలిన్

తా.క. నడుము కాస్త విశాలమైన మనిషికి కుడుతున్నాను. లేసు ధారాళంగానే పంపు.

*

బొగొటా

గౌరవనీయురాలైన అత్తకు,

లేసు పంపడం లేదు. కారణం చరిత్ర. కెప్టెన్‌కు పెళ్ళయినట్టు ఎక్కడా ఆధారాల్లేవు. పైగా మనిషి మంచివాడు కాదు. పోర్ట్ రాయల్‌లో ఒకామె ఉంది, పోర్టొబెలోలో ఇంకొకామె ఉంది. తాగితే సొంత పడవను కూడా గుర్తుపట్టడు. నోట్లో ఒక్క పన్ను లేదు. అలాంటివాడి పక్కన ఏ ఆడదాన్ని నిలబెట్టినా పాపమే. ఆ సీను తీసెయ్యమని దర్శకుడు సెన్యోర్ పలాసియోస్‌కు రాశాను. సరేనన్నాడు.

ఇట్లు
రాజీపడని ఓర్విల్

తా.క. గౌను వృథా కానివ్వకు. ఆ విశాలమైనావిడ ఎవరో, కిటికీలకు తెరలు కట్టుకోమను.

*

బాటమ్ హౌస్

ఓర్విల్‌కు,

ఆ విశాలమైనావిడను నేనే.

నీ ఉత్తరం కెప్టెన్‌కు చదివి వినిపించి, "ఈ ఇద్దరాడవాళ్ళెవరు?" అని అడిగాను. ఆయన చెంచా కింద పెట్టేశాడు. "పోర్టొబెలోకి వెళ్ళింది కొబ్బరికాయలు దింపడానికి, మిస్ ఇర్మలిన్. పోర్ట్ రాయల్‌కి వెళ్ళింది గాలివానలో దారితప్పి" అన్నాడు. నోరు తెరిచి పళ్ళు చూపించాడు. అన్నీ ఉన్నాయిరా. ఒకటి రెండు వంకరున్నాయి, అంతే.

తర్వాత టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "మీ వంటింటి ఎదురుగా లోతు లేదు. పడవ అడుగంతా రాళ్ళకి గీరుకుపోతోంది. అయినా ఇన్నేళ్ళూ అక్కడే కట్టాను. ఎందుకు కట్టానో ఆ కుర్రాడి ఆధారాల్లో లేదా?" అని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ భోజనానికి రాలేదు.

నాకు అరవై దాటాయి నాయనా. ఒక్కసారి, నాటకానికైనా సరే, తెల్లగౌనులో ఆయన పక్కన నిలబడదామనుకున్నాను. అది కూడా నీ చరిత్రకు బరువైపోయిందా?

నీ మేనత్త
(ఆధారం: మీ నాన్న నా తమ్ముడు)

తా.క. ఇవాళ ఆయన పడవ మా ఎదురుగా లేదు. పీతలు గుంపులుగా కొండ దిగి రోడ్డు దాటుతున్నాయి, షూటింగు ఆగింది. ఆ కాలంలో పీతలుండేవా అని దర్శకుడు నిన్ను కనుక్కోమన్నాడు.

*

బొగొటా

అత్తా,

నేను మూర్ఖుణ్ణి. దీనికి ఆధారాలు పుష్కలం. నేను రాసింది మూడొందల ఏళ్ళ కిందటి ఆ దొంగ టీగ్ గురించి, మన కెప్టెన్ గురించి కాదు. ఇది ఆయనకు తప్పక చదివి వినిపించు.

పెళ్ళికి ఆధారం దొరికిందని సెన్యోర్ పలాసియోస్‌కు టెలిఫోను చేశాను. ఏం ఆధారమన్నాడు. టీగ్ ఒక వంటలక్కను చేసుకున్నాడని చెప్పాను. జన్మలో మొదటిసారి చరిత్రను కల్పించాను, అదీ చేతకాలేదు. "ఆధారం లేనిది తీయకూడదని నేర్పింది నువ్వే కదా బాబూ" అన్నాడు. ఆ శనివారం కెమెరాలు దీవిలోనే ఇంకో ఊరికి, ఓల్డ్ టౌన్‌కు వెళ్ళిపోతాయట.

లేసు పంపుతున్నాను. క్షమాపణకు కొలత తెలియక తాను మొత్తం కొన్నాను.

నీ
ఓర్విల్

తా.క. పీతలుండేవి. ఈ కథలో నేను ప్రమాణం చేసి చెప్పగలిగింది వాటి గురించే.

*

బాటమ్ హౌస్

నాయనా ఓర్విల్,

నీ ఉత్తరం పట్టుకుని నేనే ఆయన పడవ దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చదివాను.

"అయితే ఆ దొంగ వేరు, నేను వేరునా?" అన్నాడు.

"వేరే."

"మరి శనివారం కెమెరాలు రావా?"

"రావు."

"మంచిదే. వాటి ముందు చేతులెక్కడ పెట్టుకోవాలో నాకు తెలీదు" అని, చెయ్యి అందించి నన్ను పడవలోకి ఎక్కించుకున్నాడు.

పెళ్ళి సీనులో పాదిరీ వేషానికి ఎవరూ దొరక్క మన బాప్టిస్టు చర్చి పాస్టరునే మాట్లాడి ఉంచారుగా. శనివారం ఆయన ఖాళీయే. ఊళ్ళోవాళ్ళు వేషాలకని కుట్టించుకున్న బట్టలు దండగెందుకని అవే వేసుకొచ్చారు. చర్చి నిండా సముద్రపు దొంగలే. పాస్టరు నిజం ప్రశ్నలడిగాడు, మేం నిజం జవాబులే చెప్పాం. నీ లేసు నేలమీద ఈడ్చుకుంటూ వచ్చింది.

డప్పుల మోత ఓల్డ్ టౌన్ దాకా వినిపించిందేమో, సెన్యోర్ పలాసియోస్ కెమెరా మోసుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఇంకొక్కసారి చెయ్యండి, తీసుకుంటాను" అన్నాడు. మీ మామయ్య తలుపు దగ్గరే ఆపేశాడు. "ఒక్కసారే జరిగిందయ్యా. రెండోసారి చేస్తే నాటకమవుతుంది" అన్నాడు.

దేవుడు నిన్ను వెచ్చగా చూడాలి.

మీ అత్త
ఇర్మలిన్ హాకిన్స్

తా.క. పైన ఆయన్ని ఏమని రాశానో చూశావుగా. నువ్వూ ఇకనుంచి అలాగే రాయి. ఊళ్ళో కెప్టెన్లు బోలెడుమంది. నీకు మామయ్య ఒక్కడే.