తువ్వాల మగ్గం, చద్దరు మగ్గం

దాజీ పేట్, శ్రావణ శనివారం, 1955

సంతోషంతో ఇవాళ నిద్ర పట్టేలా లేదు. మరాఠీ బడికి పోయే మా వీధి పిల్లలకు నేను తెలుగు చెబుతాను, వాళ్లకు ఎ, ఏ రెండూ ఒకటే. మరాఠీలో ఉన్నదే ఒకటి. నేను ఏ బడీ ఎక్కకుండా, పొట్లాల కాగితాలు చదివి తెలుగు నేర్చుకున్నాను, అది వేరే కథ. పొద్దున పక్కింటి సత్తెమ్మ బీడీలు చుడుతూ తేల్చేసింది.

"మామా, ఇగ చాలు. నీ పాఠం దీని తలకెక్కదు. రేపటి సంది నా పక్కన కూసోని ఆకు కత్తిరిస్తది."

ఆమె కూతురు రాజవ్వ తల వంచుకుంది. అప్పుడే రెండు వైపులా మగ్గాలు వినిపించాయి. తువ్వాల మగ్గం మీద, నూలు మోసుకుపోయే నాడె ఇట్టే దాటుతుంది. చద్దరు మగ్గం మీద సాగి సాగి పోతుంది.

"పిల్లా, నాడెను విను. ఎలుక, ఏ మగ్గం?"

"తువ్వాల!"

"ఏనుగు?"

"చద్దరు, తాతా!"

"మెడ?"

"తువ్వాల!"

"మేడ?"

"చద్దరు!" అన్నది రాజవ్వ కాదు, సత్తెమ్మ. వెంటనే సిగ్గుపడి చేటలోని ఆకు సర్దుకుంది.

"రేపు గూడ పంపుత గని, జెర గట్టిగ చెప్పు మామా. ఈడిదాక ఇనబడాలె."

గొంతుకు మిరియాల కషాయం తాగుతాను. నూలు దొరక్క ఆ మగ్గాలు ఆగిపోకుంటే చాలు...