మంగు తీయించుకున్నాక

1985 మార్చి, మంగళవారం. ఇర్వింగ్.

కెమికల్ పీల్ చేయించుకుని మూడు నెలలైంది. యాసిడ్ పూసి పైపొర ఊడదీస్తే మంగు పోతుందని, కాస్త రంగు కూడా తేలతానని ఆశపడ్డాను. ఇవాళ డాక్టరు అద్దం చేతికిచ్చి, "మీలాంటి చర్మానికి ఇలా అవ్వచ్చని ముందే చెప్పాను" అన్నారు. నిజమే, చెప్పారు. విని కూడా సంతకం పెట్టాను. మంగు ఉన్నచోట ఇప్పుడు అంతకన్నా పెద్ద నల్లమచ్చలు. ఎప్పటికి తగ్గుతాయో ఆయనకూ తెలియదట.

స్కూల్ నుంచి సింధును ఎక్కించుకుని వస్తుంటే కార్లో నాకు ఏడుపు ఆగలేదు. ఎనిమిదేళ్ల పిల్ల, వెనక సీట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఇల్లు చేరాక కారు దిగకుండానే అడిగింది.

"అమ్మా, నీ ఫేస్ నేను స్పాయిల్ చేశాను కదా? సారీ."

"నువ్వేం చేశావే?"

"నేను నీ టమ్మీలో ఉన్నప్పుడు ఆ స్పాట్స్ వచ్చింది. నువ్వే చెప్పావ్, ఆంటీలందరికీ."

చెప్పాను. ఏ పార్టీలో ఎవరడిగినా, "ఇది మా సింధు ఇచ్చిన బహుమతి" అని నవ్వేదాన్ని. అది పక్కనే నిలబడి వినేది. ఒక్కసారి కూడా నవ్వలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

దగ్గరకు తీసుకుని, నీ వల్ల కాదమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో. తల ఊపింది కానీ నమ్మినట్టు లేదు.

రోజూ పడుకునే ముందు బుగ్గ మీద ముద్దు పెట్టే పిల్ల, ఇవాళ దగ్గరదాకా వచ్చి ఆగింది. నా చెయ్యి తీసుకుని, ఆ చేతి మీద ముద్దు పెట్టి వెళ్లిపోయింది.