ఆరింటికి వెళ్ళు, సైకిల్ కొట్టు పైన

బావా,

వంట చేసి మూత పెట్టాను, రాగానే తిను. పాపని కింద అక్క దగ్గర ఉంచాను. షిఫ్టు అయ్యాక నేనే తెచ్చుకుంటాను, నువ్వు వెళ్ళకు. మొన్న నువ్వు తాగొచ్చి దాన్ని ఎత్తుకుని మెట్ల మీద తూలావు.

ఆరింటికి తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగ్ ఉంది. కూరగాయల మార్కెట్ వెనక సందులో, సైకిల్ రిపేరు కొట్టు పైన. బోర్డు ఉండదు. నిన్న పాపని చంకనేసుకుని అక్కడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే కొట్టాయనే చూసి, "పైకెళ్ళమ్మా, అక్కడ ఎవరూ ఏమీ అడగరు" అన్నాడు.

నిజంగానే అడగలేదు. తాగేది నేనే అనుకుని కుర్చీ వేసి టీ ఇచ్చారు. ఒక పెద్దాయన "మొదటిరోజు అందరికీ చేతులు వణుకుతాయి తల్లీ" అన్నాడు. ఆ టీ తాగుతూ కూర్చుండిపోయాను. గంటసేపు అందరూ చెప్పుకున్నది విన్నాను. చివరికి "నాకు కాదండీ, మా ఆయనకి" అంటే ఒకటే నవ్వు. "జ్వరం ఆయనకైతే మాత్ర నువ్వు మింగుతావుటమ్మా?" అంది ఒకావిడ. నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

పరువు తీశానని అరుస్తావేమో. నీ పేరు చెప్పలేదులే. కుట్టు మిషన్ ముందు కూర్చున్నా ఆరింటికి నా కళ్ళు గడియారం మీదే ఉంటాయి. సూది వేలికి దిగితే పాపం నీదే.

తాగి ఉన్నా సరే వెళ్ళు బావా. రానిస్తారా అని అది కూడా అడిగాను. రానిస్తారట.