నా దగ్గు నీది కాదట!

మరదలు పిల్ల సముఖానికి, దగ్గుతూనే బావ చేసుకుంటున్న మనవి.

మన వీధిలో దగ్గేవాళ్లందరి గొంతు నమూనాలూ మా ల్యాబ్‌కే వచ్చాయి. నీ దగ్గే నాకు అంటుకుందని, పదిరోజులుగా మాత్రలైనా మింగకుండా మురిసిపోయాను.

నిన్న ఆ బ్యాక్టీరియాల డీఎన్ఏ చదివాం. పేర్లు చూడకూడదు, చూశాను. లక్షల అక్షరాల్లో ఒక్కచోట, అందరికీ 'ఎ' ఉంటే నీదాంట్లో 'జి' ఉంది. ఆ 'జి' ఇంకొక్కరికే ఉంది: నీ గిటారు మాస్టారికి! అంటే మీలో ఒకరి దగ్గు ఒకరికి అంటింది. నాది మా వాచ్‌మన్ తాత దగ్గట.

"పాఠాలన్నీ ఆన్‌లైన్లోనే బావా" అన్నావుగా? ఆన్‌లైన్లో దగ్గెలా అంటుకుంది తల్లీ?

సైన్సుకి తలవంచాను, కడుపుమంటే చల్లారడం లేదు. ఆయనంటే ఇష్టమైతే రెండు ముక్కల్లో రాసెయ్యి. కాకపోతే ఆదివారం వచ్చి, నా మొహం మీద ఒక్కసారి దగ్గిపో.

ఇట్లు,
నీ బావ